ఒంటిచేతి వంట

ఒక వాక్యంలోని ఒక్క మాట నిజం కావడం కోసం ఆమెను పొయ్యి దగ్గరినుంచి తీసేశారు. ఆ మాట ‘ఒంటిచేత్తో’.

ఆదివారం పత్రికలో ‘ఈ నగరంలో మేం మనసుపడి తినే చోట్లు’ అని పెద్ద వ్యాసం పడింది. అద్దాల మేడల్లోని హోటళ్ల నడుమ, బస్సుల గ్యారేజీ వెనక సందులో ఉన్న ఆమె అత్తింటివాళ్ల తిండికొట్టుకు కూడా కాస్త చోటు దొరికింది. “ఎవరి సాయమూ లేకుండా, ఒంటిచేత్తో, ఒక ముసలితల్లి ఈ వీధిని పోషిస్తోంది. ఈ బల్లల మీద ఉప్పుగిన్నె ఉండదు. దాని అవసరం ఆ చేతికి ఎన్నడూ రాలేదు” అని రాశారు. రెండూ అబద్ధాలే, కానీ రాసినాయన అబద్ధమాడాడని అనలేం. ఆయన వచ్చిన వేళకు ఉప్పుగిన్నెలు కడగడానికి లోపలికి వెళ్లాయి. ఆయన గుమ్మంలో నిలబడి ఫొటో తీసిన క్షణంలో కోడలైన ఆమె పొయ్యి కిందికి వంగి చేపల బుట్టను లాగుతోంది. అచ్చయిన ఫొటోలో అత్త గరిటె పట్టుకుని నిండుగా నిలబడి ఉంది. అడుగున, అంచు దగ్గర, ఎవరిదో తెలియని ఒక మోచేయి ఉంది.

భర్త ఆ పేజీకి చట్రం కట్టించి గల్లాపెట్టె వెనక వేలాడదీశాడు. మోచేయి చట్రం చెక్క కింద పడి కనిపించకుండా పోయింది.

అంతవరకూ ఆమెకు నవ్వే వచ్చింది. కోపం వచ్చింది బుధవారం నాడు, పొద్దున్నే వడ్రంగి వచ్చి వంటగదికీ భోజనశాలకూ మధ్య ఉన్న చెక్క అడ్డును ఊడదీసి, దాని స్థానంలో నిలువెత్తు గాజు అద్దం బిగించినప్పుడు. వడ్రంగి వెంట ఇనప అరలు కూడా వచ్చాయి. భర్త వాటిని పొయ్యికి కుడివైపు గోడకు కొట్టించి, ఉప్పు, కారం, పసుపు డబ్బాలూ, నిమ్మకాయల గిన్నే, నూనె చెంబూ వరసగా సర్దాడు. సర్ది, వెనక్కి జరిగి, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా తల పక్కకు వాల్చి చూసుకున్నాడు.

“అద్దంలో అమ్మ ఒక్కతే కనిపించాలి,” అన్నాడు. “జనం అందుకే వస్తున్నారు.”

“మరి నేనో?” అంది ఆమె.

“నువ్వెక్కడికీ పోవడం లేదుగా. పెరట్లో గిన్నెల దగ్గర మనిషి కావాలి. కూరగాయలు తరగాలి. ఆ పనంతా నీదే. మధ్యలో తలుపు మాత్రం వేసి ఉంచు.”

“పొయ్యి దగ్గర పనో?”

“పొయ్యి దగ్గర నువ్వు చేసేదేముంది, డబ్బాలు అందించడమేగా? ఇప్పుడు అరలొచ్చాయి. చెయ్యి చాస్తే చాలు, అవే అందుతాయి.” తన మాటకు తనే నవ్వి, “ఇనప అరలకు నోరు కూడా ఉండదు,” అన్నాడు.

ఆమె అత్త వైపు చూసింది. అత్త పీట మీద కూర్చుని చేపకు పొలుసు తీస్తోంది. కత్తి తోక నుంచి తల వైపు ఒకే దారిన పోతోంది, పొలుసులు చినుకుల్లా ఎగిరి గోడకు అంటుకుంటున్నాయి. ఒక్క మాట వస్తుందని ఆమె ఎదురుచూసింది. కత్తి ఆగలేదు.

“వాడు చెప్పినట్టే కానీవే,” అంది అత్త, చేపను తిరగేసి.

ఆ కొట్టులో తినేవాళ్లకూ, ఆమెను కట్టుకున్నవాడికీ తెలియని సంగతి ఒకటి ఉంది. అత్తకు రుచి తెలియదు. రెండు వానాకాలాల కిందట పట్టిన జ్వరం దిగుతూ దిగుతూ వాసననూ రుచినీ వెంట తీసుకుపోయింది. ఆ నాటి నుంచీ అత్త చెయ్యి వండుతోంది, కోడలి నాలుక చెబుతోంది. కూర కుతకుతమనగానే ఆమె గరిటె అంచు నుంచి ఒక చుక్క ఎడమ మణికట్టు మీద వేసుకునేది. చెమట తుడుచుకుంటున్నట్టు మణికట్టును పెదవుల దగ్గరికి తీసుకుపోయేది. తరువాత మాట అంటూ ఉండేది కాదు. ఉప్పు చాలకపోతే ఉప్పు డబ్బా అత్త కుడిచేతి వైపు జరిగేది. చిటికెడు తక్కువైతే కాస్త జరిగేది, గుప్పెడు తక్కువైతే పొయ్యి అంచు దాకా. పులుపు తగ్గితే నిమ్మకాయల గిన్నె జరిగేది. అన్నీ సరిపోతే ఆమె మూత తెచ్చి గిన్నె మీద పెట్టేది. చూసేవాడికి ఇదంతా ఒక ఆడమనిషి మరొక ఆడమనిషికి డబ్బాలు అందించడంలాగే కనిపిస్తుంది. భర్త చూసేవాడే. కాబట్టి అతడు అన్న మాటలో తప్పు లేదు. తప్పు అతడికి తెలియనివ్వని మనిషిది.

మధ్యాహ్నం వడ్రంగి వెళ్లాక ఆమె పెరట్లో అత్తను నిలబెట్టింది.

“చెప్పండి అత్తయ్యా.”

“ఏం చెప్పమంటావే? నా నాలుక కర్రముక్క అయిందని ఈసారి పేపర్లో వేయించమంటావా?”

“పేపర్లో వద్దు. మీ అబ్బాయికి చెప్పండి చాలు.”

“వాడికా? రేపు పొద్దున్నే నన్ను తీసుకెళ్లి టీవీ ముందు కూర్చోబెడతాడు. ‘అమ్మా, నువ్వు విశ్రాంతి తీసుకో’ అంటాడు. విశ్రాంతట! నేనేమైనా రిటైరయిన బస్సునా, షెడ్డులో పెట్టడానికి?” అత్త చేతులు దులుపుకుంది. “చేతికి అలవాటంటూ ఒకటి ఉంటుందిలే. కళ్లు మూసుకున్నా పడాల్సినంత పడుతుంది.”

“పడేదైతే ఇన్నాళ్లూ నేనెందుకు నాకి చచ్చాను?”

“నోరు పెరిగింది నీకు.”

“అవును మరి. మీకున్నదీ నాదే కదా, రెండు నోళ్ల బరువు.”

అత్త కొట్టినట్టుగా చూసింది. ఆమె కూడా చూపు దించలేదు. పొయ్యి దగ్గరి చోటు పోతుందన్న భయం ఇద్దరిదీ ఒకటే. కానీ ఆ చోటు ఒక్కరికే మిగిలేటట్టు ఉంది గనుక, ఆ భయం వాళ్లను కలపలేదు.

ఆమె తలుపు వేసుకుని గిన్నెల తొట్టి దగ్గర కూర్చుంది. సరే, రేపు వండనీ, తినేవాళ్లే చెబుతారు, అనుకుంది. రోజూ తిని పోయే జనం నాలుకల మీద ఆమెకు అంత నమ్మకం ఉండేది.

*

మర్నాడు పొద్దు నడినెత్తికి రాకముందే సందు నిండిపోయింది. ఇంతకు ముందు ఈ కొట్టుకు వచ్చేవాళ్లు నూనె మరకల చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చి, పావుగంటలో తిని, పళ్లెం తామే తొట్టి దగ్గరికి తెచ్చి పెట్టిపోయేవాళ్లు. ఇప్పుడు వచ్చినవాళ్లు బల్ల ముందు కూర్చున్నాక ముందు అద్దానికి ఫొటో తీశారు, తరువాత పళ్లేనికి, తరువాత పళ్లెం పక్కన తమకు. గ్యారేజీ మనుషులు కొందరు సందు మొగలో కాసేపు నిలబడి, అరగంట విరామం కరిగిపోతుంటే తిట్టుకుంటూ వెనక్కి పోయారు.

పళ్లేలు పెరట్లోకి రావడం మొదలైంది. గిన్నెలు కడిగే మనిషికి పళ్లేలు చాలా చెబుతాయి. కూర నచ్చితే పళ్లెంలో వేలి గీతలుంటాయి. ఆకలి ఒక్కటే ఉండి రుచి లేకపోతే అన్నం పోయి కూర మిగులుతుంది. ఆ రోజు చేపముక్కలు ఒక మూల విరిగి, మిగతాదంతా చెక్కుచెదరకుండా వచ్చాయి. సూపు గిన్నెలు మూడొంతులు నిండుగానే వచ్చాయి. ఆమె మూకుడు అడుగున మిగిలిన కూర వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలు లేదు. సూపు చూసింది. అది గొంతు దిగలేదు. జరిగింది ఆమెకు కళ్లకు కట్టినట్టు తెలిసింది. అత్త ఉప్పు వేసింది, వేశానో లేదోనని అనుమానపడింది, మళ్లీ వేసింది. రెండోది వెయ్యవలసింది కూరలో, పడింది సూపులో.

ఆమెకు సంతోషం కలిగింది. మంచి సంతోషం కాదు. అప్పు ఎగ్గొట్టిన చుట్టం వాకిట్లో జారిపడితే కలిగే రకం. ఇక ముందుగది నుంచి కేకలు వినిపిస్తాయని చెవులు రిక్కించింది.

నవ్వులు వినిపించాయి. ఆమె తడిచేతులతోనే లేచి తలుపు సందులో కన్ను పెట్టింది.

మధ్య బల్ల దగ్గర నల్లకళ్లద్దాలు నెత్తిమీదికి నెట్టుకున్న ఒకాయన స్నేహితులకు వివరిస్తున్నాడు. “గమనించారా? ఉప్పు దాదాపు లేదు. చేపను చేపలా ఉండనివ్వడానికి ధైర్యం కావాలి.”

“సూపు మాత్రం సముద్రంలా ఉందిరా బాబూ,” అన్నాడు పక్కవాడు, నీళ్లగ్లాసు అందుకుంటూ.

“అదే చెబుతున్నాను! చేప సూపులో లేదు, సముద్రం చేపలో లేదు. ఒకదానికి ఒకటి జవాబు. చదువుకోని మనిషికి ఇది ఎలా తెలిసిందంటావు?”

పక్కవాడు గ్లాసు ఖాళీ చేసి, నిజమే అన్నట్టు తల ఆడించాడు.

మూల బల్ల దగ్గర వెల్డింగు బాబాయి ఒక్కడే పాతవాడు. ఎదురు షెడ్డులో వెల్డింగు పని. రోజూ మొదటి వాయి అన్నం ఆయనకే. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, ఆగి, ముద్దలో ఏదో పోగొట్టుకున్నట్టు పళ్లెంలోకి చూశాడు.

“ఒరే అబ్బాయ్, ఉప్పుగిన్నె ఏదిరా?”

“ఇక్కడ ఉప్పు పెట్టం బాబాయ్,” అన్నాడు ఆమె భర్త, గల్లాపెట్టె దగ్గరినుంచి. “పేపరు చదవలేదా?”

“పేపరు తిందామని రాలేదురా నాయనా, అన్నం తిందామని వచ్చాను.”

రెండు బల్లలవాళ్లు తిరిగి చూశారు. భర్త నవ్వుతూనే వచ్చి బాబాయి చెవి దగ్గర వంగాడు. “కాస్త మెల్లగా బాబాయ్. పెద్ద పెద్దవాళ్లు వస్తున్నారు. నీకు తొందరేదో ఉంటే వేరేచోట...” అని వాక్యం సగంలో ఆపాడు. సగంలో ఆపినా అది పూర్తిగానే చేరింది. బాబాయి అద్దం వైపు ఒకసారి చూసి, తల వంచుకుని తిన్నాడు.

ఆమె తలుపు చెక్కను గోళ్లతో గీకింది. ఇన్నాళ్లూ చిటికెడు తేడా వస్తే మణికట్టు కాల్చుకుని, మళ్లీ చూసి, మళ్లీ జరిపి, ఈ జనం నోటికి లోటు రానివ్వలేదు. ఎవరి కోసం? ఉప్పు లేని కూరకు కారణాలు కనిపెట్టే వీళ్ల కోసమా? మనిషికి అన్యాయం జరిగితే, ఆ మనిషి లేని లోటే సాక్ష్యం చెబుతుందని అందరూ అనుకుంటారు. ఆమె కూడా అనుకుంది. లోటు పళ్లెంనిండా ఉంది. పళ్లెం ముందున్నవాళ్లు దాన్ని గొప్ప అన్నారు.

జనం పలచబడ్డాక అత్త పెరట్లోకి వచ్చింది. ముఖం పొయ్యి వేడికి ఎర్రబడి, దాని మీద ఇంకేదో వెలుగుతోంది.

“చూశావా?” అంది. “ఒక్క డబ్బా కూడా నువ్వు జరపలేదు.”

“చేపల కూరలో ఉప్పు లేదు అత్తయ్యా. సూపులో రెండుసార్లు పడింది.”

వెలుగు ఆగింది. “మరి వాళ్లంతా ఎందుకు మెచ్చుకున్నారే?”

“పేపరు మెచ్చుకుంది గనక.”

“ఆ నెత్తిమీద కళ్లద్దాలాయన అద్దం దాకా వచ్చి రెండు చేతులూ జోడించాడు.”

“ఆయన పళ్లెం ఇదిగో. చూడండి, ఎంత తిన్నాడో.”

అత్త పళ్లెం వైపు చూడలేదు. “అంతమందికి తెలియనిది నీ ఒక్కదానికే తెలిసిందా? గిన్నెల దగ్గర కూర్చోబెట్టారని కడుపుమంట నీకు. కడుపుమంటకు ఏది పెట్టినా చప్పగానే ఉంటుంది.”

అత్తకు రుచి చూసి తేల్చుకునే దారి లేదు. ఉన్నదల్లా ఎవరిని నమ్మాలన్న ప్రశ్న. ఒకవైపు నగరం నగరమంతా చేతులు జోడిస్తోంది. మరోవైపు చోటు పోగొట్టుకున్న కోడలు ఒక్కతే ఉంది. ఇన్నాళ్ల నమ్మకాన్ని ఒక్క పూట పొగడ్త తుడిచేసింది. అత్త స్థానంలో ఏ న్యాయమూర్తి ఉన్నా అలాగే తీర్పిస్తాడేమో. ఆ సంగతి అర్థమైన కొద్దీ ఆమె కోపం తగ్గవలసింది పోయి, రాజుకుంది.

సాయంత్రం ఆమె ఒక గిన్నెలో కూర వేసుకుని భర్త ముందు పెట్టింది.

“పొద్దుటి నుంచి ఏమైనా తిన్నారా?”

“తినే తీరికేదీ?”

“ఇది తిని చెప్పండి, ఎలా ఉందో.”

అతడు చెంచా నోట్లో పెట్టుకునే లోపల ఫోను మోగింది. ఎవరో రేపటికి బల్ల అట్టేపెట్టమంటున్నారు. “ఆఁ, అలాగేనండీ, తప్పకుండా, అద్దం ఎదురుగానే,” అంటూ నమిలాడు, మింగాడు. ఫోను పెట్టేసి, “బాగుంది,” అన్నాడు.

“ఏం బాగుంది?”

“కూర. నువ్వడిగావుగా.”

“అందులో ఉప్పు లేదు.”

అతడు నిట్టూర్చాడు. “చూడు, గిన్నెలు కడగడం నీకు నామోషీగా ఉంటే సూటిగా చెప్పు, మనిషిని పెడతాను. నువ్వు హాయిగా ఇంట్లో ఉండొచ్చు. అంతేగాని అమ్మ వంట మీద పడకు.”

ఆ విధంగా, పొయ్యి దగ్గరినుంచి పెరట్లోకి, పెరట్లో నుంచి ఇంట్లోకి, ఆమెకు దారి సిద్ధమైంది.

*

శుక్రవారం జనం ఇంకా పెరిగారు. ఆమె ముందురోజులాగే తొట్టి దగ్గర కూర్చుంది. ఈసారి తలుపు సందులోంచి చూడలేదు, మూకుడు అడుగు నాకనూ లేదు. పీచుతో పళ్లేలు తోముతుంటే చేతి వేళ్ల చర్మం ముడతలు పడి తెల్లగా అయ్యాయి. కడిగిన పళ్లేలు పేర్చి, వంటగది గట్టు మీద పెట్టాలి. అది కూడా అద్దానికి కనబడకుండా, గోడవార వంగి నడుస్తూ. భర్త మొన్ననే నేర్పాడు, ఎలా వంగాలో.

ఆమె వంగి లోపలికి వెళ్లేసరికి అత్త చేతిలో గరిటె గాలిలో ఆగి ఉంది. కూర అడుగంటుతున్న చప్పుడు వస్తోంది. అత్త పొయ్యి వైపు కాక అద్దంలోంచి బయటికి చూస్తోంది.

చెక్క అడ్డు ఉన్నన్నాళ్లూ అత్త తన వంట తినేవాళ్లను చూడలేదు. పిలుపులు వినేది, పళ్లేలు పంపేది. జనం తనను చూడాలని కొడుకు పెట్టించిన అద్దం రెండు వైపులా కనిపించే అద్దమే. ఈ చిన్న సంగతి కొడుక్కి తోచలేదు.

పళ్లేలు చేతిలో ఉండగానే ఆమె కూడా అత్త చూపు వెంట చూసింది.

మూల బల్ల దగ్గర వెల్డింగు బాబాయి ఉన్నాడు. నిన్న అంత మాట పడి కూడా వచ్చాడు. చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి, ఒళ్లో పెట్టుకుని, బల్ల కింద విప్పుతున్నాడు. నిప్పురవ్వల మచ్చలున్న వేళ్లతో చిటికెడు ఉప్పు తీశాడు. గల్లాపెట్టె వైపు చూశాడు. తల దువ్వుకుంటున్నట్టు చెయ్యి ఎత్తి దించి, ఆ దించడంలో దాన్ని కూర మీద విదిలించాడు. కలిపాడు. ఒక ముద్ద తిన్నాడు. మళ్లీ చిటికెడు. తరువాత తన నీళ్లసీసా తీసి సూపు గిన్నెలోకి ఇన్ని నీళ్లు వంచాడు. ఎవరూ చూడకుండా తన అన్నాన్ని తనే దొంగతనంగా బాగుచేసుకుంటున్న మనిషి అంత ఒద్దికగా ఉంటాడని ఆమెకు అంతవరకూ తెలియదు.

తల ఎత్తేసరికి అద్దం వెనకనుంచి తననే చూస్తున్న ముసలామె ఆయనకు కనబడింది. పొట్లం పిడికిట్లో ముడుచుకుపోయింది. క్షణం తడబడి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాల్లో ఊపి, నోరంతా తెరిచి నవ్వుతూ, అద్భుతంగా ఉంది వదినా అన్నట్టు తల ఆడించాడు.

అత్త పొయ్యి ఆర్పేసింది.

గరిటె చేతిలో ఉండగానే అద్దం పక్క తలుపు తోసుకుని ముందుగదిలోకి నడిచింది. బాబాయి ముందున్న పళ్లెం తీసుకుంది. పక్క బల్ల మీద పళ్లెం తీసింది. ఆ పై బల్ల మీదవి రెండు. ఫొటో తీసుకుంటున్న అమ్మాయి చేతుల కిందనుంచి ఒకటి లాగింది.

“అమ్మా!” అన్నాడు కొడుకు.

“తినకండి. లేవండి. ఇది కూడు కాదు.”

తరువాత మధ్య బల్ల నుంచి నల్లకళ్లద్దాలాయన మెల్లగా చప్పట్లు కొట్టాడు. “చూశారా, తన వంట తనకే నచ్చదు. వీళ్లు ఇలాగే ఉంటారు. ఇదీ వినయమంటే!” ఇంకొన్ని చేతులు కలిశాయి. ఎవరో ఫోను ఎత్తారు.

“ఎవరిదయ్యా వినయం ఇక్కడ?” అత్త గొంతు అద్దాన్ని దాటి వంటగదిలో మోగింది. “ఉప్పు లేని కూర తినొద్దంటుంటే వినయమంటావేంటి? నీ నోట్లో ఉన్నదేంటి, నాలుకా, చెప్పుతోలా?”

కొడుకు పరుగున వచ్చి భుజం పట్టుకున్నాడు. “అమ్మకు అలసటగా ఉందండీ. రెండు రోజుల నుంచి ఒంటిచేత్తో...”

“చెయ్యి తియ్యి. నాకు రుచి తెలియదురా. జ్వరం పట్టినప్పుడే పోయింది. ఈ కొట్టుకున్న నాలుక నీ పెళ్లాందొక్కటే. నువ్వు దాన్ని గిన్నెల దగ్గర పడేశావు. నేను నోరు మూసుకు కూర్చున్నాను.” ఊపిరి తీసుకుంది. “నా నాలుక చచ్చిందని సిగ్గుపడి దాచుకున్నానే! వీళ్లందరివీ ఎప్పుడు చచ్చాయిరా? వీళ్లకు సిగ్గు లేదేం?”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొడుకు తల్లి ముఖంలోకి చూసి, అద్దంలోంచి వంటగదిలోకి చూశాడు. అక్కడ అతడి భార్య, అరచేతుల మీద పళ్లేల దొంతరతో, అద్దం నడిమధ్యన నిలబడి ఉంది. వంగలేదు.

అత్త వెనక్కి వచ్చింది. తెచ్చిన పళ్లేలను గట్టు మీద పెట్టి, కోడలి వైపు చూడకుండా అంది:

“రా. వచ్చి పక్కన నిలబడు.”

మొన్నటి పొద్దున ఈ మాట అని ఉంటే ఆమె ఏడ్చేసేది. ఇప్పుడు ఏడుపు రాలేదు. ‘కడుపుమంట’ అన్న మాట చెవిలో అలాగే ఉంది.

“నిలబడను అత్తయ్యా.”

“ఏమే?”

“పక్కన నిలబడను. మళ్లీ ఎవరో ఒకరు వస్తారు, పక్కనున్న మనిషి పనికిమాలినదంటారు. మీరు మళ్లీ చేపకు పొలుసు తీస్తూ కూర్చుంటారు. గరిటె నాకివ్వండి.”

అత్త గరిటెను వెనక్కి లాక్కుంది. ఆ లాక్కోవడం మనిషిది కాదు, చేతిది. “అయితే నన్ను టీవీ ముందుకు పంపిస్తావన్న మాట.”

“ఎందుకు పంపుతాను? చేపను మీలా కోసేవాళ్లు ఈ బజారులో ఉన్నారా? అద్దం ముందు కూర్చుని కొయ్యండి. చూడనివ్వండి జనాన్ని. కోతకు నాలుక అక్కర్లేదు.”

అత్త గరిటె వైపు చూసింది. కాడ ఆమె వేళ్ల చోట అరిగి సన్నబడి ఉంది. చేతిగుడ్డ తీసి ఆ కాడను పై నుంచి కింది దాకా తుడిచింది. ఎవరికైనా కత్తి ఇచ్చేటప్పుడు ఇచ్చినట్టు, పిడి అవతలివైపు పెట్టి ఇచ్చింది.

“పొగరు,” అంది. “ఎవరి దగ్గర నేర్చుకున్నావో.”

“ఎవరి దగ్గరో మీకు తెలుసు.”

భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏదో అనబోయాడు. క్షమాపణో, కోపమో, రేపటి బల్లల సంగతో, అతడికీ తెలిసినట్టు లేదు. ఆమె అడుగంటిన మూకుడు తొట్టిలో పడేసి, వేరే మూకుడు పొయ్యి మీద పెట్టి, నూనె పోసింది.

“ఉప్పుగిన్నెలు బల్లల మీద పెట్టండి,” అంది, అతడి వైపు తిరగకుండా.

“పేపర్లో మరి...”

“పేపరువాడు రోజూ వచ్చి తింటాడా? వెల్డింగు మామయ్య తింటాడు. ముందు ఆయనకు పళ్లెం పెట్టండి. నిన్న అన్న మాటకు ఏం చెబుతారో మీ ఇష్టం. చెప్పి తీరాలి మాత్రం.”

అతడు కదలలేదు. అత్త పీట మీద కూర్చుంటూ, “చెవిటివాడివి కూడా అయ్యావట్రా?” అంది. అప్పుడు కదిలాడు.

*

శనివారం జనం కాస్త తగ్గారు. అద్దం వెనక పెద్దావిడ గరిటె పట్టుకుని కనబడకపోవడంతో రెండు జట్లు గుమ్మంలోంచే తిరిగిపోయాయి. గ్యారేజీవాళ్లు ఆ బల్లలు ఆక్రమించి, అన్నం రాకముందే జోకులు మొదలుపెట్టారు. “ఏంట్రా, మనక్కూడా అద్దం ఎదురు సీటే? ఫొటో తియ్యండ్రా ఎవరైనా!” వెల్డింగు బాబాయి రెండోసారి అన్నం అడిగి, మూడోసారి అడగడానికి సిగ్గుపడి, పళ్లెం మాత్రం ముందుకు జరిపాడు.

ఆమె మణికట్టు మీద చుక్క వేసుకుంది. తుడుచుకుంటున్నట్టు నటించలేదు. అందరికీ కనబడేలా చప్పరించి, ఇంకో చిటికెడు వేసి, మూత పెట్టింది.

నల్లకళ్లద్దాలాయన ఈసారి కొత్త స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చాడు. నిన్నటి గొడవ ఆయనకు గొప్ప కథ అయినట్టుంది, చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. కూర వచ్చింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకో ముక్క తిన్నాడు. నిజంగానే తిన్నాడు, ముల్లు ఏరి పక్కన పెట్టి మరీ. తరువాత చెయ్యి ఎత్తి ఆమె భర్తను పిలిచాడు.

“ఏమిటండీ ఇది? మొన్న తిన్న ఆ రుచి లేదే. ఇది ఏ ఇంట్లోనైనా దొరికే చేపల కూరలా ఉంది. మొన్నటి చెయ్యి కాదు ఇది.”

భర్త చేతులు నలుపుకున్నాడు. “అంటే... కొద్దిగా మార్పు... రేపటికల్లా...”

అద్దం పక్క తలుపు తెరుచుకుంది. ఆమె గరిటెతోనే గుమ్మంలో నిలబడింది. వెనక అత్త కత్తి ఆగిన చప్పుడు వినబడింది.

“కాదండీ,” అంది ఆమె. “మొన్న నేను వండలేదు.”